పెద్దాసుపత్రులున్న ఊళ్లో ఇంటి డాక్టరు

తిరుపతిలో ఆసుపత్రులకు కొరత లేదు. 1962 నుంచి రుయా ఉంది. ఎముకలకు, కీళ్లకు దేవస్థానం వారు 1985లో పెట్టిన బర్డ్ ఉంది. 1993 నుంచి స్విమ్స్ ఉంది. 2021లో చిన్నపిల్లల గుండె జబ్బులకు పద్మావతి ఆసుపత్రి కూడా వచ్చింది. చిత్తూరు వైపు వాళ్లకైతే బస్సెక్కితే రాయవేలూరు సీఎంసీ దూరం కాదు. ఇన్ని ఉండగా ఇంటికంటూ మళ్లీ ఒక డాక్టరు ఎందుకని చాలామంది అడుగుతారు. ఇన్ని ఉన్నాయి కాబట్టే కావాలంటాను నేను. ఎప్పుడు పోవాలో, ఎక్కడికి పోవాలో, పోయి వచ్చాక ఏం చేయాలో చెప్పే మనిషి లేక, ఇంత వైద్యం పక్కనే ఉన్నా దారి తెలియక నలిగిపోయిన కుటుంబాలను చూశాను.

నేను ఏఎన్‌ఎంగా చేరి ఐరాల, పెనుమూరు, పాకాల వైపు పల్లెల్లో పనిచేసి, హెల్త్ సూపర్‌వైజరుగా రిటైరై ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. మా వీధిలో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా ముందు నా దగ్గరికే వస్తారు. వాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చినవి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

1. బాగున్నప్పుడే డాక్టర్ని చూసుకోవాలి

మనం బాగున్నప్పుడు ఎట్లా ఉంటామో చూసిన డాక్టరుకే, బాగా లేనప్పుడు తేడా తెలుస్తుంది. ఈ సంగతి నాకు గర్భిణుల బీపీ చూస్తూ తెలిసింది. మూడో నెలలో 90/60 ఉన్న అమ్మాయికి ఏడో నెలలో 130/84 వచ్చిందనుకోండి. ఆ రోజే కొత్తగా చూసిన వాళ్లకు అది మామూలు బీపీయే, 140/90 దాటలేదు కదా. మొదటి నుంచి రాసుకుంటూ వచ్చిన నర్సుకు మాత్రం ఆ పెరుగుదల కనిపిస్తుంది. ఆ అమ్మాయిని నెలకోసారి కాకుండా వారానికోసారి చూడాలని, కాళ్ల వాపు, తలనొప్పి అడగాలని, ఒంటేలు పరీక్ష చేయాలని తోస్తుంది.

ఈసీజీ కూడా అంతే. కొందరి ఈసీజీలో ఏళ్ల తరబడి ఒక తేడా ఉంటుంది, దానితో వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ఛాతీలో బరువుగా ఉందని వచ్చినవాడి ఈసీజీలో అలాంటిది కనిపిస్తే అది పాతదా, ఇప్పుడే వచ్చిందా అన్నది తేలాలి. మా వీధిలో ఒక ఆర్టీసీ రిటైర్డు ఉద్యోగి ఒక రోజు గ్యాస్ అనుకుని తన డాక్టరు దగ్గరికి నడిచే పోయాడు. ఆ డాక్టరు పాత ఫైలు తీయించి రెండు ఈసీజీలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇది అప్పుడు లేదు పెద్దాయనా, ఇంక ఇంటికి పోవద్దు" అని అక్కడి నుంచే 108 ఎక్కించి, చేతికి ఉత్తరం రాసిచ్చి పంపాడు. ఆ మనిషి బతికాడు. పాత కాగితం లేకపోయినా మంచి డాక్టరు పట్టుకునేవాడేమో. కానీ ఇంత త్వరగా తేలి ఉండేది కాదు.

నలభై దాటినవాళ్లు ఒంట్లో ఏమీ లేనప్పుడే ఒకసారి పోయి బరువు, బీపీ, షుగరు చూపించుకుని, అమ్మానాన్నలకు ఉన్న జబ్బులు చెప్పి, ఫైలు తెరిపించుకోవాలి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని ఐసీఎంఆర్ 2023లో ప్రకటించింది. వీళ్లలో చాలామందికి మొదటి కొన్నేళ్లు ఏ బాధా ఉండదు. బాధ లేనప్పుడు పట్టుకుంటేనే కళ్లు, కిడ్నీలు, పాదాలు దక్కుతాయి.

2. ఏ జబ్బుకు ఏ డాక్టరో తేల్చుకోవడం రోగి పని కాదు

పాదాలు మంటలు పుడుతున్నాయి, తిమ్మిరెక్కుతున్నాయి. ఎవరి దగ్గరికి పోవాలి? ఎముకల డాక్టరా, నరాల డాక్టరా, చర్మం డాక్టరా, షుగరు డాక్టరా? మన వాళ్లు పక్కింటాయన చెప్పిన పేరు పట్టుకుని పోతారు. పోయిన చోట ఆ విభాగానికి సంబంధించిన పరీక్షలు జరుగుతాయి. అందులో వాళ్ల తప్పు లేదు, వాళ్లు చదివింది ఆ భాగం గురించే.

మా బంధువుల్లో ఒకామె ఇట్లాగే నడుముకు స్కానింగు, నరాలకు పరీక్షలు అన్నీ చేయించుకుంది. అరికాళ్ల మంట మాత్రం తగ్గలేదు. ఆమెను వాళ్ల ఊరి పక్కన ప్రాక్టీసు చేసే ఎంబీబీఎస్ డాక్టరు దగ్గర కూర్చోబెట్టాను. "షుగరుకు మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ల నుంచి వేసుకుంటున్నావమ్మా? మాంసం, గుడ్డు తింటావా?" అని ఆయన అడిగాడు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లు వాడితే కొందరిలో బీ12 విటమిన్ తగ్గుతుంది. శాకాహారులకు అసలే తక్కువ. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నా, బీ12 తగ్గినా పాదాల్లో కనిపించే బాధ ఒకేలా ఉంటుంది. రక్తపరీక్షలో తేలింది, మందు మొదలైంది, నెలలు గడిచేకొద్దీ మంట తగ్గుతూ వచ్చింది. ఆ మెట్‌ఫార్మిన్ మంచి మందే, ఆమె ఇప్పటికీ వాడుతోంది. ఆ ప్రశ్న అడగడానికి మనిషి మొత్తం కథ తెలిసినవాడు కావాలి, అంతే.

ఇంకో మాట. పెద్దాసుపత్రిలో ఆపరేషను అయ్యాక ఇచ్చే డిశ్చార్జి సమ్మరీని బీరువాలో పెట్టేయకండి. వారం లోపల మీ డాక్టరుకు చూపించండి. ఏ మాత్ర ఎన్నాళ్లు వేసుకోవాలో, ఏది ఆపాలో, కుట్టు దగ్గర ఎరుపెక్కితే ఏం చేయాలో ఆయన దగ్గరే తీరిగ్గా అడగొచ్చు.

3. చీటీలు కాదు, మాత్రలే సంచిలో వేసుకుని పోవాలి

బీపీకి గుండె డాక్టరు టెల్మిసార్టాన్ రాస్తాడు. ఆర్నెల్ల తర్వాత ఇంకో డాక్టరు అదే టెల్మిసార్టాన్‌ను వేరే కంపెనీ పేరుతో రాస్తాడు. పేర్లు వేరు కాబట్టి ఇంట్లో రెండూ వేసుకుంటారు. మోకాళ్ల నొప్పికని ఎముకల డాక్టరు డైక్లోఫెనాక్ ఇస్తాడు. కాళ్లు వాచాయని మరొకరు నీరు పోయే మాత్ర ఇస్తారు. ఏ చీటీకి ఆ చీటీ చూస్తే తప్పు కనిపించదు. ఈ రకం బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిస్తే పెద్ద వయసు వాళ్ల కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మన మే నెల ఎండల్లో వాంతులో, విరేచనాలో అయి ఒంట్లో నీరు తగ్గిన రోజున అది ఇంకా ఎక్కువ. ఈ సంగతి డాక్టర్లందరికీ తెలుసు. ఈ మూడూ ఒకే మనిషి మింగుతున్నాడన్నది మాత్రం ఆ డాక్టర్లలో ఎవరికీ తెలియదు.

అందుకే నేను మందుల సంచి గురించి ఇంతగా పట్టుపడతాను. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆయుర్వేదం లేహ్యాలు, టీవీలో చూసి తెప్పించుకున్న పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకుని ఏడాదికి రెండుసార్లు మీ డాక్టరు బల్ల మీద పెట్టండి. కొత్త మందు రాయడానికి డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఉన్న మందు తీసేయాలంటే అది ఎవరు, ఎందుకు, ఎప్పుడు మొదలుపెట్టారో తెలియాలి. అందుకే కొత్త డాక్టరు సాధారణంగా పాత మందు జోలికి పోడు. పది మాత్రలను ఆరు చేసిన డాక్టర్లను నేను చూశాను. వాళ్లందరూ ఆ రోగిని ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లే.

4. పుత్తూరు కట్టు కట్టించుకున్నా డాక్టరుకు చెప్పాలి

ఎముక విరిగితే పుత్తూరుకు పోవడం మన ప్రాంతంలో తాతల కాలం నుంచి ఉన్నదే. తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా వస్తారు. ఆ కట్టును నేను తిట్టను, తిడితే జనం మానరు, నాకు చెప్పడం మానేస్తారు.

నేను అడిగేది వేరు. అరవై ఏళ్ల అవ్వ వాకిట్లో కల్లాపి చల్లుతూ జారి చెయ్యి ఊతం పెట్టుకుంది, మణికట్టు విరిగింది. కట్టుతో ఎముక అతుక్కుంది. అంత చిన్న పాటుకే ఎందుకు విరిగిందని ఎవరు అడిగారు? ముట్లు ఆగిన తర్వాత ఆడవాళ్ల ఎముకలు గుల్లబారుతాయి. ఈ ఏడాది మణికట్టు విరిగినవాళ్లకు తర్వాత తుంటి ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. తుంటి విరిగిన ముసలివాళ్లలో చాలామంది మళ్లీ మామూలుగా నడవలేరు. అసలు ఆమె ఎందుకు జారింది? కంట్లో శుక్లమా, లేస్తూనే బీపీ పడిపోతోందా, రాత్రి వేసుకునే నిద్రమాత్ర మత్తా? ఇవన్నీ అడిగి, ఎముకల బలానికి మందు ఇచ్చి, కంటి డాక్టరు దగ్గరికి పంపే మనిషి ఆ అవ్వకు కావాలి. ఇక షుగరు ఉన్నవాళ్లకు కట్టు బిగుతై లోపల పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు. వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ పూటే చూపించాలి.

పచ్చకామెర్లకు పసరు తాగినా అంతే. దాచకండి. కామెర్లు ఎందుకు వచ్చాయో తేలాలి. హెపటైటిస్ బీ అయితే ఇంట్లో మిగతావాళ్లకూ పరీక్ష, టీకా అవసరం.

5. ఇంట్లో ఒకరి జబ్బు మిగతావాళ్ల సంగతి కూడా

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు పాతవాళ్లందరికీ తెలుసు. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో 1910ల్లో మొదలైన క్షయ శానటోరియం అది. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. ఆ రోజుల్లో అంతకు మించిన వైద్యం లేదు. తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో కొందరు క్షయ రోగులను శానటోరియంలో, కొందరిని వాళ్ల ఇళ్లలోనే ఉంచి ఏడాది పాటు ఒకే మందులు ఇచ్చి చూశారు. ఫలితాలు 1959లో వచ్చాయి. ఇంట్లో మందు వాడినవాళ్లకూ దాదాపు అంతే నయమైంది, వాళ్లతో ఉన్న కుటుంబాలకు అదనంగా సోకినట్టూ కనిపించలేదు. ప్రపంచమంతా క్షయకు ఇంటి దగ్గరే వైద్యం చేయడానికి ఇది దారి తీసింది.

ఇంటి దగ్గర వైద్యమంటే ఎవరో ఒకరు నెలల తరబడి కనిపెట్టి ఉండాలి. దగ్గు తగ్గింది కదా అని రెండో నెలలో మాత్రలు మానేసే మనిషిని పట్టుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలున్నారా, వాళ్లను పరీక్షించారా అని చూడాలి. నేను ఈ పని చేసిన పల్లెల్లో, ఆ ఇంటిని ముందు నుంచీ ఎరిగిన డాక్టరు ఉన్నచోట కోర్సు మధ్యలో మానేసినవాళ్లు తక్కువ. ఆయన "సుబ్బమ్మా, మాత్రలు మానేశావంట" అని ఒక్క మాటంటే చాలు, మరుసటి రోజు సెంటరుకు వచ్చేవాళ్లు. నేను వంద సార్లు చెప్పినా రానివాళ్లు ఆయన మాటకు వచ్చేవారు.

షుగరు, బీపీలూ ఇంతే. తండ్రికి చిన్న వయసులో గుండెపోటు వస్తే, కొడుకును ముప్పై ఏళ్లకే పిలిపించి పరీక్ష చేయించే డాక్టరు ఆ ఇంటికి చేసే మేలు అంతా ఇంతా కాదు.

6. ఒకే డాక్టరు దగ్గర ఎన్నేళ్లుంటే అంత మేలు

ఇది నా ఒక్కదాని నమ్మకం కాదు. నార్వే దేశంలో 2001 నుంచి ప్రతి మనిషికీ పేరు రాసి ఒక డాక్టరును కేటాయిస్తున్నారు. అక్కడి 45 లక్షల మంది వివరాలు చూసిన పరిశోధన 2022లో అచ్చయింది. ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవాళ్లలో, ఏడాదికి మించి లేనివాళ్లతో పోలిస్తే, మరణాలు 25 శాతం, ఆసుపత్రిలో చేరడాలు 28 శాతం, అర్ధరాత్రి అపరాత్రి వైద్యం కోసం పరిగెత్తడాలు 30 శాతం తక్కువ. మరో పరిశోధనలో 9 దేశాల నుంచి 22 అధ్యయనాలను కలిపి చూస్తే 18 అధ్యయనాల్లో ఒకే డాక్టరుతో కొనసాగినవాళ్లకు మరణాలు తక్కువగా ఉన్నాయి. నార్వే వాళ్ల దేశం వేరు, మన పరిస్థితి వేరు. అయితే ఏళ్లు గడిచేకొద్దీ మేలు పెరుగుతూ పోయిందన్నది నాకు బాగా నచ్చిన విషయం. డాక్టరు చదువు అదే, మందులూ అవే. పెరిగిందల్లా పరిచయం.

7. ఎవరిని ఎంచుకోవాలి

బోర్డు మీద డిగ్రీల పొడవు చూడకండి. నమోదైన ఎంబీబీఎస్ డాక్టరు చాలు. ఫ్యామిలీ మెడిసిన్‌లో పైచదువు చదివినవాళ్లు దొరికితే ఇంకా మంచిది. ఇంటికి దగ్గరగా ఉండాలి, ముసలివాళ్లు ఆటోలో పోయి రాగలగాలి. మనం చెప్పేది విని, ఒళ్లు తాకి చూసి, పాత కాగితం అడిగేవాడై ఉండాలి. "ఇది నా చేతిలో లేదు, ఫలానా చోటికి పోండి" అని సమయానికి చెప్పగలవాడై ఉండాలి. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

"సూది వెయ్యండి సారూ" అని అడిగితే, అవసరం లేదని చెప్పి పంపే డాక్టరును వదులుకోకండి. జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు. చాలా యాంటీబయాటిక్కులను చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మినవి రిజిస్టరులో రాయాలని 2014 నుంచి నిబంధన ఉంది. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి, ఊళ్లో అడిగిన సూదల్లా పొడిచేవాళ్లున్నారు. ఆ పూటకు ఒళ్లు తేలికవుతుంది. పదే పదే స్టెరాయిడ్ సూదులు పడిన ఒంట్లో షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లవుతుంది.

8. పిల్లలు విదేశాల నుంచి బుక్ చేసే పరీక్షలు

ఇది కొత్త ముచ్చట. కొడుకు డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటాడు. అమ్మానాన్నల మీద ప్రేమతో ఫోనులోనే ఫుల్ బాడీ చెకప్ బుక్ చేస్తాడు. తెల్లారేసరికి ఒకబ్బాయి ఇంటికొచ్చి రక్తం తీసుకుపోతాడు. సాయంత్రానికి వాట్సాప్‌లో బోలెడు పేజీలు. అందులో ఎర్రగా ఉన్న అంకెలు చూసి ఇక్కడ వీళ్లకు, అక్కడ వాడికి నిద్ర ఉండదు. ఆ అంకెల్లో ఏది జబ్బో, ఏది పాతికేళ్లుగా ఆ ఒంటికి మామూలో చెప్పేదెవరు?

నాయనా, ఆ డబ్బు తక్కువే, నీ ప్రేమా గొప్పదే. ముందు అమ్మానాన్నలకు ఒక డాక్టరును కుదుర్చు. ఆయన అడిగిన పరీక్షలు చేయించు. నెలకోసారి ఆయన చూసేటప్పుడు నువ్వు వీడియోలో ఉండు. అమెరికాలో నీ ఇన్సూరెన్సు వాళ్లు ప్రైమరీ కేర్ డాక్టరు ఎవరని నిన్ను అడుగుతారు కదా, అదే ప్రశ్న ఇక్కడ నువ్వు అడుగు.

9. ప్రభుత్వ డాక్టరు కూడా ఇంటి డాక్టరే

డబ్బున్నవాళ్లకేనా ఇది అని అడగొచ్చు. 1946లోనే భోర్ కమిటీ ఊళ్లకు దగ్గరగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఉండాలని చెప్పింది. మన రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని 2022 అక్టోబరు 21న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో అధికారికంగా ప్రారంభించారు. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు. ఒకరు కేంద్రంలో ఉంటే ఇంకొకరు 104 బండిలో తనకు కేటాయించిన ఊళ్లకు పోవాలి. పోయిన ఊరికే మళ్లీ మళ్లీ పోవాలి. లేవలేనివాళ్లను ఇంటికెళ్లి చూడాలి. ఆలోచన చాలా మంచిది. ప్రభుత్వాలు మారినప్పుడు క్లినిక్కు బోర్డులు మారుతుంటాయి, మారనివ్వండి. నా కోరిక ఒక్కటే. ఊరికి వచ్చే డాక్టరు మారకూడదు. బదిలీలు తప్పవంటే కనీసం మూడు నాలుగేళ్లయినా ఒక్కరే రావాలి.

రాయవేలూరు సీఎంసీ ఈ రోజు ఎంత పెద్దదో మనకు తెలుసు. 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన చోటు అది. ఆమె గుడియాత్తం దారిలో చెట్ల కింద ఆగి, పల్లె జనాన్ని చూస్తూ పోయేవారు. అమ్మ మళ్లీ వస్తుందన్న నమ్మకంతో జనం దారి పక్కన కాచుకుని ఉండేవాళ్లు. మన 104 బండికి కూడా ఆ నమ్మకం రావాలి. దానికి మనం చేయగలిగింది ఉంది. మీ ఊరికి బండి వచ్చే తేదీ ఆశా కార్యకర్తను అడిగి గోడ మీద రాసుకోండి. ఆ రోజు తప్పకుండా పోండి. పాత కాగితాలు తీసుకుపోండి.

10. ఆ డాక్టరు కోసం ఆగకూడని వేళలు

ఛాతీలో నొక్కేసినట్టు ఉండి చెమటలు పడితే, మూతి ఒక పక్కకు పోతే, చెయ్యి పడిపోతే, మాట తడబడితే, పాము కరిస్తే, కాన్పు నొప్పుల్లో రక్తం పోతే ఎవరికోసమూ ఆగొద్దు. 108కి ఫోను చేయండి. పక్షవాతంలో రక్తం గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది. దారిలో డాక్టరుకు ఫోను చేసి చెప్పండి, ఆయన మందుల వివరాలు చెబుతాడు.

కొండకు నడిచి వచ్చే చుట్టాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తిరుపతిలో ఉన్నవాళ్ల ఇళ్లకు ఏడాది పొడుగునా చుట్టాలు వస్తారు, అలిపిరి నుంచి నడుస్తామంటారు. మూడున్నర వేలకు పైగా మెట్లు. గుండె జబ్బు, ఆయాసం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లను బయల్దేరక ముందే వాళ్ల ఊళ్లోని డాక్టర్ని అడిగి రమ్మని ఫోనులో చెప్పండి. మొక్కు ఉందంటే బస్సులో పోయినా స్వామి కాదనడు.

11. మన వైపు నుంచి

డాక్టరు దగ్గర తాగుడు, పొగాకు, మానేసిన మాత్రలు దాచకూడదు. మందుల ఖర్చు భరించలేకపోతే ఆ మాటే చెప్పాలి. జన ఔషధి దుకాణంలో అదే మందు తక్కువకు దొరుకుతుంది, డాక్టరు మందు పేరు రాసిస్తాడు. ఒకసారి తగ్గలేదని వెంటనే ఇంకొకరి దగ్గరికి పరిగెత్తకండి. మళ్లీ ఆయన దగ్గరికే పోయి తగ్గలేదని చెప్పండి. మొదటిసారి తెలియనిది రెండోసారి తెలుస్తుంది. తగ్గినా పోయి తగ్గిందని చెప్పండి. ఫీజు బేరమాడకండి. అర్ధరాత్రి ఫోను నిజమైన ఆపదకే చేయండి.

మీకింకా డాక్టరు లేకపోతే ఈ వారంలోనే ఇంట్లో మాత్రలన్నీ ఒక సంచిలో, కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టుకుని, మీ వీధికి దగ్గరలో ఉన్న ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికో, మీ పీహెచ్‌సీకో పోండి. "మా ఇంటిల్లిపాదినీ ఇకమీదట మీరే చూడాలి సార్" అని అడగండి. ఆ మాట వద్దనే డాక్టరును నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు.